ఆర్కిడ్ పూలను ఫ్రిజ్‌లో పెట్టమని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పెళ్లి అలంకరణల మీద వేసిన పేజీ చదివాను. చాలావరకు బాగుంది, ఫొటోలు కూడా బాగున్నాయి. కానీ కింద చిట్కాల పెట్టెలో "ఆర్కిడ్ పూలు ముందురోజే తెచ్చుకుని ఫ్రిజ్‌లో పెడితే తాజాగా ఉంటాయి" అని ఒక వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యం కోసమే ఈ ఉత్తరం. దాన్ని నమ్మి ఎంతమంది ఈ ముహూర్తాల్లో డబ్బు పోగొట్టుకుంటారో అని భయమేసింది, ఎందుకంటే సరిగ్గా అలాంటి మాటలు నమ్మే నేనూ పోగొట్టుకున్నాను.

నేను రాజమహేంద్రవరంలో పదిహేడేళ్లుగా పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు పూల డెకరేషన్ చేస్తున్నాను. మొదట్లో కడియపులంక నుంచి వచ్చే బంతి, చామంతి, లిల్లీ, గులాబీలతోనే పని అంతా. ఆర్కిడ్ అంటే అప్పట్లో సినిమా వాళ్ల పెళ్లిళ్లలో చూడ్డమే. ఇప్పుడు చిన్న నిశ్చితార్థానికి కూడా వంకాయ రంగు అంచు, మధ్యలో తెలుపు ఉన్న ఆ పూలు స్టేజ్ మీద లేకపోతే ఒప్పుకోవడం లేదు. పూలజడల్లో కూడా అవే. వాటిని మేము సోనియా అంటాం, డెండ్రోబియం అనే జాతిలో ఒక రకం. ఎక్కువగా థాయిలాండ్ నుంచి వస్తాయి, బ్యాంకాక్ చుట్టుపక్కల నాఖోన్ పాథోమ్, సముత్ సాఖోన్, రాచ్చబురి అనే చోట్ల కాలువల పక్కన ఎత్తు బల్లల మీద కొబ్బరి డొక్కలు పేర్చి వాటిలో పెంచుతారు. (కోనసీమలో అవే డొక్కల్ని మనం పొయ్యిలో పెడతాం, అది వేరే సంగతి.) అక్కడ కోసి, ఒక్కో కాడ చివర నీళ్లు నింపిన చిన్న ప్లాస్టిక్ ట్యూబు తొడిగి, పదేసి కాడల బంచ్‌లు కట్టి, అట్టపెట్టెల్లో సర్ది విమానం ఎక్కిస్తారు. మన దేశంలో దిగాక అక్కడి నుంచి వ్యాన్‌లోనో, రాత్రి బస్సు డిక్కీలోనో మా దాకా వస్తాయి.

అంటే నేను పెట్టె విప్పేసరికే ఆ పువ్వు చెట్టు నుంచి విడిపోయి రోజులు గడిచిపోయి ఉంటాయి. అయినా నిగనిగలాడుతూ ఉంటుంది. మల్లెమొగ్గ పొద్దున కోస్తే సాయంత్రం విచ్చుకుని మర్నాటికి గోధుమరంగుకి తిరిగిపోతుంది. డెండ్రోబియం కాడ, సరిగ్గా చూసుకుంటే, కోసిన తర్వాత రెండు వారాలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ కూడా నిలబడుతుంది. అలాంటి పువ్వు మన చేతుల్లోకి వచ్చాక ఒక్క రాత్రిలో చచ్చిపోతోందంటే తప్పు పువ్వుది కాదు.

కొన్నేళ్ల క్రితం మే నెలలో జరిగిన ఒక పెళ్లి చెబుతాను. తెల్లవారుజామున ముహూర్తం. ముందురోజు రాత్రి పదింటికి పూల పెట్టెలు వచ్చాయి. బయట ఉక్కపోత. కల్యాణమండపం వాళ్లు మంచి మనసుతోనే "ఏసీ ఉన్న స్టోర్ రూమ్ ఇస్తామమ్మా, అందులో పెట్టుకోండి" అన్నారు. ఆ గదిలో మర్నాటి భోజనాలకు తెచ్చిన అరటి గెలలు, నాలుగైదు బుట్టల మామిడిపళ్లు కూడా ఉన్నాయి. గది చల్లగా ఉంది కదా, ఇంకేం కావాలి అనుకున్నాను. మూడున్నరకు వచ్చి పెట్టె మూత తీస్తే కాడల చివర ఉండే మొగ్గలన్నీ పసుపుపచ్చగా తిరిగిపోయి ఉన్నాయి, ముట్టుకుంటే రాలిపోతున్నాయి. విచ్చుకున్న పూలు మెడ వాల్చేసి కిందకి వేలాడుతున్నాయి. రేకులు పల్చబడి లోపలి ఈనెలు బయటికి కనబడుతున్నాయి. పెళ్లికూతురి నాయనమ్మగారు అటుగా వచ్చి చూసి "ఏమ్మా, ఇవి మొన్నటి పెళ్లిలో వాడినవా?" అని అడిగారు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. ఉన్నవాటిలో మంచివి ఏరి, మిగతా చోట్ల చామంతులతో సర్ది ఎలాగో గట్టెక్కించాం. ఆ రోజు నాకు రావాల్సిన డబ్బులో సగం వదులుకున్నాను.

పొద్దున్నే సరఫరా చేసిన ఆయనకు ఫోన్ చేసి గట్టిగానే అన్నాను. ఆయన ఒక్కటే మాట అన్నాడు: "మేడమ్, అదే లోడ్‌లోవి కాకినాడలో కూడా ఇచ్చాం, అక్కడ పూలు రాయిలా ఉన్నాయంటున్నారు." కోపంలో నమ్మలేదు. తర్వాత ఒక విషయం గుర్తొచ్చింది. వాడిపోయిన ఆ కాడల ట్యూబుల్లో నీళ్లు నిండుగా ఉన్నాయి! నీళ్లు లేక ఎండిపోయిన పూలు కావవి. ఎండకి వాడినవీ కావు, రాత్రంతా ఏసీలోనే ఉన్నాయి. మరి ఏమైంది? అప్పటినుంచి ఉద్యాన శాఖలో పనిచేసేవాళ్లను, పూల వ్యాపారం చేసేవాళ్లను అడుగుతూ, దొరికింది చదువుతూ తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

ఆ గదిలో పూలను చంపింది పళ్లు. పండు మాగేటప్పుడు ఇథిలీన్ అనే వాయువు వదులుతుంది. కంటికి కనబడదు, ఆ కొద్దిపాటి మోతాదులో వాసన కూడా మనకు తెలియదు. మన పెద్దవాళ్లు అరటి గెలలను గోతిలో పెట్టి పొగ వేసి మాగబెట్టేవారు, పచ్చి మామిడికాయల మధ్య రెండు పండినవి పెట్టి గడ్డి కప్పేవారు. ఆ పొగలోనూ ఆ పండిన కాయల్లోనూ ఉన్నది ఈ వాయువే. ఇప్పుడు చాలామంది పళ్ల వ్యాపారులు కార్బైడ్ మానేసి ఇథిలీన్ గదుల్లో పండిస్తున్నారు, మన దేశ ఆహార భద్రత సంస్థ అందుకు 100 పీపీఎం వరకు, అంటే పది లక్షల పాళ్ల గాలిలో వంద పాళ్ల దాకా, అనుమతిస్తోంది. ఆర్కిడ్‌లలో సున్నితమైన రకాలకైతే అందులో వెయ్యో వంతు చాలు, ఒక రోజులో ముసలితనం వచ్చేస్తుంది. ఇక మూసేసిన గదిలో, రాత్రంతా, నాలుగు బుట్టల మామిడిపళ్ల పక్కన ఉంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? కాయను పండుగా మార్చేదీ పువ్వును వాడబెట్టేదీ ఒకటే అని తెలిసిన రోజు నేను చాలాసేపు అలా కూర్చుండిపోయాను, ఆ నాయనమ్మగారికి జవాబు దొరికింది కానీ చెప్పడానికి ఆవిడ ఎదురుగా లేరు.

ఇది కొత్త సంగతేమీ కాదు. 1901లోనే రష్యాలో నెల్యుబోవ్ అనే ఆయన ప్రయోగశాలలో దీపాల గ్యాస్ తగిలిన బఠాణీ మొలకలు నిటారుగా పెరగకుండా పక్కకు వంగడం చూసి, అందుకు కారణం ఇథిలీన్ అని తేల్చారు. 1908లో అమెరికాలో క్రాకర్, నైట్ అనే ఇద్దరు షికాగో పూలతోటల వాళ్ల నష్టం గురించి పరిశోధించారు. గాజు ఇళ్లలో పెంచిన కార్నేషన్ పూలు ఉన్నట్టుండి ముడుచుకుపోవడానికి, విచ్చుకోకపోవడానికి లీకయ్యే దీపాల గ్యాస్‌లోని ఇథిలీనే కారణమని చూపించారు. నూరేళ్లు దాటిపోయింది. ఇంకా మన స్టోర్ రూముల్లో పూలు, పళ్లు కలిపే పెడుతున్నాం.

అన్ని పూలకూ ఈ జబ్బు ఉండదు. చామంతిని అరటిగెల పక్కన పెట్టినా పెద్దగా పట్టించుకోదు. అందుకే ఇన్నేళ్లూ మనకు ఈ సంగతి అనుభవంలోకి రాలేదు, మన పాత పెళ్లిళ్లలో ఎక్కువ భాగం బంతి, చామంతే కదా. కార్నేషన్‌కు ఉంది. ఆర్కిడ్‌లలో రకాన్ని బట్టి ఎక్కువ తక్కువలు ఉంటాయి, కానీ జాగ్రత్త అన్నిటికీ ఒకటే.

ఆర్కిడ్‌కు ఎందుకింత సున్నితం అంటే, నాకు అర్థమైనంతలో, దాని బతుకు తీరే అలాంటిది. అడవిలో ఈ పువ్వు తన పుప్పొడి మోసే పురుగు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ పురుగు వస్తుందో రాదో తెలియదు, కాబట్టి వారాల తరబడి, కుండీల్లో అమ్మే ఫెలనాప్సిస్ లాంటివి రెండు మూడు నెలలు కూడా, అలాగే తాజాగా నిలబడతాయి. విత్తనం కావాల్సిన అండాలు కూడా చాలా ఆర్కిడ్‌లలో పువ్వు విచ్చుకునే నాటికి సరిగ్గా తయారై ఉండవు, పుప్పొడి అందాకే ఆ పని మొదలవుతుంది. ఒక్కసారి అందిందా, ఇక రేకులతో అవసరం లేదు. పువ్వు తానే ఇథిలీన్ తయారుచేసుకుని ఒకటి రెండు రోజుల్లో రేకుల్ని వాడ్చేసి, వాటిలోని సారాన్ని కిందున్న కాయలోకి లాగేసుకుంటుంది. 1909లో జర్మన్ శాస్త్రవేత్త హాన్స్ ఫిట్టింగ్ ఆర్కిడ్ పుప్పొడిని నీళ్లలో కలిపి తీసిన సారాన్ని పూల మీద పెట్టి చూస్తే, నిజంగా గర్భం నిలవకపోయినా పువ్వు వాడిపోవడం, కాయ ఉబ్బడం మొదలయ్యాయి. అంటే అది కేవలం ఒక సంకేతం. మన మామిడిపళ్ల గాలి ఆ సంకేతాన్నే దొంగతనంగా ఇస్తోంది, పువ్వేమో తన పని అయిపోయిందనుకుంటోంది.

మా పనివాళ్లకు నేను పదేపదే చెప్పే జాగ్రత్త కూడా ఇక్కడి నుంచి వచ్చిందే. ఆర్కిడ్ పువ్వు మధ్యలో చిన్న ముక్కులాగా ఒకటి పొడుచుకుని ఉంటుంది, దాని కొసన బియ్యపు నూకంత టోపీ ఉంటుంది, ఆ టోపీ కింద పుప్పొడి ముద్దలు. దురుసుగా పట్టుకున్నా, కాడలు కుక్కి సర్దినా, పూలజడ కుట్టేటప్పుడు వేలు గట్టిగా తగిలినా ఆ టోపీ ఊడిపోతుంది. సింబిడియం అనే పెద్ద పూల రకంలో టోపీ ఊడితే పువ్వు నాలుక, అంటే కిందివైపు ముందుకు చాచుకుని ఉండే రేకు, ఎర్రబడటం, తొందరగా వాడటం స్పష్టంగా తెలుస్తుంది, పూలు కొనేవాళ్లు నాలుక రంగు చూసే బేరం ఆడతారు. పైగా అలా దెబ్బతిన్న పువ్వు వదిలే వాయువు పక్క పూలకూ తగులుతుంది. అందుకే పెట్టె విప్పగానే వాడిన పూలు, పసుపెక్కిన మొగ్గలు, విరిగినవి ఏరి పక్కన పడేయాలి. "ఉండనీ అక్కా, వెనక వైపు పెట్టేద్దాం" అంటారు మా పిల్లలు. వద్దంటాను.

ఇక ఫ్రిజ్ సంగతి. మీ చిట్కా రాసినవాళ్లది చెడ్డ ఉద్దేశం కాదని నాకు తెలుసు. మన ఇళ్లలో మల్లెపూలు, కనకాంబరాలు తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టడం అలవాటు, మార్కెట్లో కూడా మల్లెలు థర్మోకోల్ పెట్టెలో ఐస్ వేసే వస్తాయి. చల్లగా ఉంటే పువ్వు నెమ్మదిగా ఊపిరి తీసుకుంటుంది, లోపలి చక్కెర తక్కువ ఖర్చవుతుంది, ఎక్కువ రోజులు ఉంటుంది. గులాబీకి, కార్నేషన్‌కు అది అక్షరాలా నిజం. కానీ డెండ్రోబియం వేడి దేశపు మొక్క. 10 నుంచి 13 డిగ్రీలు, అంతే, అంతకన్నా చల్లదనం దానికి పడదు. ఇంట్లో ఫ్రిజ్ నాలుగైదు డిగ్రీల్లో ఉంటుంది. అందులో పెట్టిన పువ్వు లోపల ఉన్నంతసేపూ బాగానే కనబడుతుంది, అదే మోసం. బయటికి తీశాక రేకులు నీళ్లు నానినట్టు గాజులాగా అయిపోతాయి, అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి, మొగ్గలు రాలిపోతాయి. అరటిపండు ఫ్రిజ్‌లో పెడితే తొక్క నల్లబడటం అందరూ చూసినదే, అదీ ఇలాంటి చలిదెబ్బే. ఒకసారి గులాబీలతో పాటు రెండు పెట్టెల ఆర్కిడ్‌లు కూడా ఒక కోల్డ్ రూములో పెట్టించి ఇది నేను కళ్లారా చూశాను. గులాబీలు మంచులో తడిసినట్టు మెరుస్తున్నాయి, పక్కనే ఆర్కిడ్‌లు ఉడకబెట్టినట్టు ఉన్నాయి.

ఫ్రిజ్‌తో ఇంకో చిక్కు. అందులో ఎప్పుడూ ఏవో పళ్లు ఉంటాయి. యాపిల్, అరటి, మామిడి, సపోటా. అంటే చలిదెబ్బ, పళ్ల గాలి రెండూ ఒకేచోట.

అయితే ఆర్కిడ్ అనే పేరున్నవన్నీ ఒకటి కాదు, దీనివల్లే ఇంత అయోమయం అనుకుంటాను. సిక్కింలో, డార్జిలింగ్, కాలింపాంగ్ కొండల్లో పండే సింబిడియం చలి ప్రాంతపు పువ్వు, ఫ్రిజ్ చలికి కూడా తట్టుకుంటుంది, కోసిన కాడ నాలుగు వారాల దాకా ఉంటుంది. సిక్కింలోని పాక్యోంగ్‌లో ఆర్కిడ్‌ల కోసమే కేంద్ర ప్రభుత్వ పరిశోధన కేంద్రం 1996 నుంచి ఉంది. సింబిడియం గురించి ఎక్కడో చదివిన మాటను సోనియాకు అంటగడితే ఎలా? మన దగ్గర పెళ్లిళ్లలో నూటికి తొంభై చోట్ల కనబడేది సోనియా, లేదంటే మొకారా అనే ఇంకో ఆర్కిడ్. రెండూ వేడి దేశపువే. కాబట్టి వీటికి కావాల్సింది నీడ, గాలి ఆడే గది, మామూలు ఏసీ, పళ్లకు దూరం. ఫ్రిజ్ అవసరమే లేదు.

నీళ్ల గురించి కూడా ఒకటి రెండు మాటలు. కాడ కోసినప్పుడు లోపల నీళ్లు పారే సన్నటి గొట్టాల్లోకి గాలి దూరుతుంది, తర్వాత అక్కడే బాక్టీరియా పెరిగి జిగురులా అడ్డుపడుతుంది. అందుకని ట్యూబు తీయగానే కాడ చివర రెండు సెంటీమీటర్లు పదునైన బ్లేడుతో ఏటవాలుగా కోయాలి, వీలైతే చివర నీళ్లలో ముంచి ఉంచి కోయాలి. కత్తెరతో నొక్కి కత్తిరిస్తే గొట్టాలు నలిగిపోతాయి. ఇంట్లో వాజులో పెట్టేవాళ్లు రోజూ నీళ్లు మార్చి, మూడు రోజులకోసారి చివర కొంచెం కోస్తే చాలు, అంతకన్నా పెద్ద రహస్యం ఏమీ లేదు. చక్కెర వేస్తే మంచిదంటారు, నిజమే, పువ్వుకు తిండి, లీటరుకు నాలుగు చెంచాల వరకు వేయొచ్చు, కానీ చక్కెర ఒక్కటే వేస్తే బాక్టీరియాకు కూడా అదే తిండి. రెండో రోజుకే నీళ్లు తెల్లగా మారి కంపు కొడతాయి. దాంతోపాటు కొంచెం నిమ్మరసం, ఒకటి రెండు చుక్కల బ్లీచింగ్ ద్రావణం పడాలి. అవి లేకపోతే చక్కెర కూడా వద్దు, మంచినీళ్లు మార్చుకుంటూ పోండి.

ప్రయాణంలో నీళ్లు అందక మెత్తబడిన కాడలు మాత్రం తిరిగి లేస్తాయి. వెడల్పాటి టబ్బులో మామూలు నీళ్లు పోసి, కాడల్ని పూలతో సహా ఓ అరగంట మునిగేలా ఉంచి, తీసి, నీళ్లు దులిపి, గాలికి ఆరబెట్టండి. చూస్తుండగానే రేకులు బిగుస్తాయి. దులపడం మర్చిపోకండి. రేకుల మధ్య నీటి బొట్టు రాత్రంతా నిలిస్తే బూజు తగిలి మచ్చలు పడతాయి, స్టేజ్ మీద గంటగంటకూ నీళ్లు స్ప్రే చేసేవాళ్లు కూడా ఇది గమనించాలి. ఇలా లేచేది నీళ్లు అందక వాడిన పువ్వు మాత్రమే. ఇథిలీన్ తగిలి వాడిన పువ్వును టబ్బులో ముంచినా తలకిందులుగా వేలాడదీసినా లేవదు. ఆ పెళ్లిరోజు తెల్లవారుజామున నేను ముంచి చూశాను కూడా.

డెకరేషన్ చేసే తోటివాళ్లకు ఇంకో సంగతి. పీట మీద హోమం దగ్గర, అగరొత్తుల స్టాండ్ పక్కన ఆర్కిడ్‌లు పెట్టకండి. సరిగ్గా మండని ప్రతి పొగలోనూ ఇథిలీన్ ఉంటుంది, జనరేటర్ పొగలోనూ, వ్యాన్ పొగలోనూ ఉంటుంది. హోమగుండం చుట్టూ బంతి, చామంతి పెడితే అందంగానూ ఉంటుంది, అవి తట్టుకుంటాయి కూడా. ఆర్కిడ్‌లు స్టేజ్ వెనక తెర మీదకు, రిసెప్షన్ వైపుకు మార్చండి. నేను మార్చాక మూడో రోజు దాకా పూలు రాలడం లేదు.

కొనేటప్పుడు చూడాల్సింది ఏమిటంటే, డెండ్రోబియం కాడకు కింది పూలు ముందు విచ్చుకుంటాయి, పైకి పోయేకొద్దీ మొగ్గలు. నాలుగింట మూడు వంతుల పూలు విచ్చుకుని, కొసన కొద్దిపాటి మొగ్గలు ఆకుపచ్చగా బిగుతుగా ఉన్న కాడ మంచిది. సగం మొగ్గలే ఉన్న కాడ చూసి "ఇవి రేపటికి విచ్చుకుంటాయి" అని చెప్పి అమ్ముతుంటారు, ఎక్కువ భాగం విచ్చుకోవు, కోసిన తర్వాత చిన్న మొగ్గలకు ఆ బలం ఉండదు, పసుపెక్కి రాలిపోతాయి. అలాగని ఒక్క మొగ్గ కూడా లేకుండా పూర్తిగా విచ్చుకున్నది ఉంటే అదెప్పటిదో అడగండి, కింది పూల రేకుల్ని వెలుతురుకి పట్టి చూడండి. ఈనెలు కనబడుతున్నాయంటే వయసైపోయినట్టే.

ఎప్పటిదో అడగండి అన్నాను కానీ, అడిగినా చెప్పేవాళ్లు లేరు. నా అసలు బాధ ఇదే, మీ పత్రిక ద్వారా నలుగురి చెవిన వేయాలనుకునేదీ ఇదే. పాల ప్యాకెట్ మీద తేదీ ఉంటుంది, బ్రెడ్ మీద ఉంటుంది. ఇంత ఖరీదు పెట్టి కొనే పూల పెట్టె మీద కోసిన తేదీ ఎందుకు ఉండదు? కోసి మూడు రోజులైన పెట్టె, తొమ్మిది రోజులైన పెట్టె నా ముందు పక్కపక్కనే పెడితే పైకి రెండూ ఒకేలా ఉంటాయి, ధరా ఒకటే. తేడా రెండో రోజు స్టేజ్ మీద తెలుస్తుంది, అప్పుడు మాట పడేది నేను. దిగుమతి చేసుకునే పెద్ద వ్యాపారులకు ఆ తేదీ తెలుసు, కాగితాల్లో ఉంటుంది. దాన్ని పెట్టె మీద చిన్న చీటీగా అంటించడానికి ఎంత ఖర్చవుతుంది?

ఆ వ్యాపారులు చేయగలిగింది ఇంకొకటి ఉంది. అమెరికాలో నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో సిస్లర్, బ్లాంకెన్‌షిప్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1-ఎంసీపీ అనే వాయువు ఇథిలీన్‌ను అడ్డుకుంటుందని కనిపెట్టారు, దానికి 1996లో పేటెంట్ వచ్చింది. మూసిన గదిలో పూలకు ముందే దాన్ని పట్టిస్తే, ఇథిలీన్ వచ్చి కూర్చోవాల్సిన చోట ఇది ముందే కూర్చుని ఉంటుంది, తర్వాత పళ్ల గాలి తగిలినా పువ్వుకు ఆ కబురు చేరదు. ఇథిలీన్ తగిలాక పట్టిస్తే ఉపయోగం లేదు, కాబట్టి ఇది మాలాంటి వాళ్లం చివర్లో చేసే పని కాదు, మొదట్లోనే జరగాలి. యాపిల్ పళ్లకు ప్రపంచమంతా వాడుతున్నారు. పూలకు కూడా పట్టించామని పెట్టె మీద రాసిస్తే నేను కాస్త ఎక్కువ ధర పెట్టడానికి కూడా సిద్ధం.

బస్సుల్లో పార్శిల్ బుక్ చేసుకునేవాళ్లు పూల పెట్టెల్ని మామిడి బుట్టల మీద పెట్టకపోతే చాలు, దానికి యంత్రాలేమీ అక్కర్లేదు. కల్యాణమండపాల యజమానులు పూలకంటూ చిన్న గది, ఏసీ లేకపోయినా సరే, కిటికీ ఉన్న గది ఒకటి వేరుగా ఇవ్వాలి. వంట సామాను, పళ్లు ఉన్న గది వద్దు. ఇప్పుడు నేను ఒప్పందం రాసుకునేటప్పుడే ఈ షరతు పెడుతున్నాను. మొదట్లో వింతగా చూశారు, ఇప్పుడు రెండు మూడు మండపాల వాళ్లు వాళ్లంతట వాళ్లే "పూల గది సిద్ధం చేశామమ్మా" అంటున్నారు.

ఇంకొక్కటి, పెళ్లి ఇంటివాళ్లకు. మర్నాడు పొద్దున మండపం ఖాళీ చేసేటప్పుడు ఆర్కిడ్‌లన్నీ బంతిపూల చెత్తతో కలిపి ట్రాక్టర్‌లోకి ఎత్తేస్తుంటే నా ప్రాణం ఉసూరుమంటుంది. అంత దూరం నుంచి వచ్చిన పువ్వు, ఇంకా పది రోజుల ఆయుష్షు ఉన్న పువ్వు. ఈ మధ్య నేను ఖాళీ చేసేముందు ఓ బకెట్లో నీళ్లు పోసి గుమ్మం దగ్గర పెట్టి, బాగున్న కాడలు కోసి అందులో వేసి, వెళ్లేవాళ్లను తీసుకెళ్లమంటున్నాను. మొన్న మాఘమాసంలో అలా నాలుగు కాడలు తీసుకెళ్లిన ఒకావిడ, బాలింతరాలైన కూతురి గదిలో సీసాలో పెట్టారట. పదహారో రోజున ఫోటో పంపించారు. కొస మొగ్గలు రాలిపోయాయి కానీ కింది ఆరు పూలు అలాగే ఉన్నాయి.

మీరు వేసిన ఆ చిట్కాను సరిచేస్తూ రెండు వాక్యాలు వేయండి: డెండ్రోబియం ఆర్కిడ్‌లను ఫ్రిజ్‌లో పెట్టవద్దని, పళ్ల దగ్గర ఉంచవద్దని. ముహూర్తాలు మళ్లీ మొదలయ్యేలోపు వేస్తే మేలు. అందరూ చూసే ఆదివారం పేజీలో అదే చోట వేయగలిగితే ఇంకా మంచిది.

నమస్కారాలతో,
మీ పాఠకురాలు,
రాజమహేంద్రవరం